గోదావరి మొగల దగ్గర సముద్రపు నీటి పరీక్ష: విద్యార్థి బృందాలకు సమగ్ర మార్గదర్శి

సముద్రపు నీటిని పరీక్షించడం నేర్చుకోవాలంటే మన తీరంలో గోదావరి డెల్టాను, అందులోనూ నది సముద్రంలో కలిసే మొగలను మించిన చోటు లేదని నా నమ్మకం. ఇంతగా తికమకపెట్టే చోటు కూడా ఇంకోటి లేదు. విశాఖ బీచ్‌లో ఎండాకాలం పొద్దున పట్టిన సీసాకీ సాయంత్రం పట్టిన సీసాకీ ఉప్పులో పెద్ద తేడా కనిపించదు. యానాం రేవులో అలా కాదు. పోటు మీద, అంటే సముద్రం పొంగి ఉన్నప్పుడు పట్టిన నీరు వేరు, పాటు, అంటే నీరు వెనక్కి లాగేశాక అదే మెట్టు మీద నిలబడి పట్టిన నీరు వేరు. జులైలో గోదారికి వరద ఎర్రనీరు వచ్చిందంటే అక్కడ సముద్రం జాడే ఉండదు. ఏప్రిల్‌లో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు నది నీరు దాదాపు రాదు కాబట్టి సముద్రమే పైకి ఎగదన్నుతుంది.

అందుకే ఇక్కడ ప్రతి పరీక్షకూ ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ సీసాలో సముద్రం వాటా ఎంత, నది వాటా ఎంత? అది తేలకుండా ఆక్సిజన్ ఇంత, నైట్రేట్ ఇంత అని అంకెలు రాసుకుంటే వాటితో ఏమీ చేయలేం.

ముందు పోటు, పాటు చూసుకోండి

తేదీ ఖాయం చేసేటప్పుడు కాలేజీ క్యాలెండర్‌తో పాటు తిథి కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు బలంగా ఉంటుంది, అష్టమి చుట్టూ మందంగా ఉంటుంది. మొదటిసారి వెళ్లే బృందానికి అమావాస్యో పౌర్ణమో దగ్గర్లో ఉన్న రోజులే మంచివి, ఎందుకంటే మార్పు కళ్లకు కడుతుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాకినాడకు సంబంధించిన వేళలు సర్వే ఆఫ్ ఇండియా పట్టికల్లో ఉంటాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా అంచనాలు ఇస్తుంది, ఎత్తైన అలల హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వస్తాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు తప్పకుండా చూడండి.

పట్టికలో ఉన్న వేళ కాకినాడ రేవుది. లోపలి పాయల్లోకి పోటు చేరడానికి ఇంకా టైం పడుతుంది. ఎంత ఆలస్యం అన్నది ఆ పాయలో పడవ నడిపే సరంగుకి తెలిసినంత బాగా ఏ పుస్తకానికీ తెలియదు. ఆయన్ను అడిగి, చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోండి. పాటులో కోరంగి మడ అడవి పాయల్లోకి వెళ్తే పడవ బురద మీద కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. ఈ సంగతి కూడా ఆయన్ను అడిగే తెలుసుకోవాలి.

రెండు రోజుల పని, రెండు రకాలుగా

పోటు దశ చూసుకోకుండా ఒకే రోజు వ్యాన్‌లో నాలుగు చోట్లకు తిరిగి నాలుగు సీసాలు పట్టుకొస్తారు చాలామంది. నేను దీనికి ఒప్పుకోను. మొదటి చోట పోటు, నాలుగో చోటికి వచ్చేసరికి పాటు. కనిపించిన తేడా చోటు వల్లో, వేళ వల్లో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మొదటి రోజు ఒక్క చోటే కూర్చోండి. యానాం రేవు దీనికి చాలా అనువైనది. అంతర్వేది వైపు వాళ్లు సఖినేటిపల్లి పంటు రేవు దగ్గర వశిష్ఠ గోదావరిలో ఇదే పని చేయవచ్చు. పోటు నిండినప్పటి నుంచి పాటు పూర్తయ్యే వరకు, అంటే సుమారు ఆరు గంటలు, గంటకోసారి పై నీరు, అడుగు నీరు రెండూ పట్టి కొలవండి. చూడటానికి విసుగు పని. కానీ నది, సముద్రం ఒకదాన్నొకటి నెట్టుకోవడం అంటే ఏమిటో పిల్లలకు అర్థమయ్యేది ఆ ఆరు గంటల్లోనే.

రెండో రోజు వరుసగా చోట్లు తిరగండి. నది వైపు నుంచి యానాం, తరవాత కోరంగి పాయ, అక్కడి నుంచి కాకినాడ అఖాతం, చివరగా బయటి సముద్రానికి ఉప్పాడ. బృందాన్ని విడగొట్టి నాలుగు చోట్లా ఒకే పోటు దశలో నీరు పట్టగలిగితే అంతకంటే మంచిది లేదు. ఒకే ఊళ్లో ఉండాల్సి వస్తే అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది, సముద్రం కలిసే చోట కొద్ది దూరంలోనే రెండు రకాల నీరూ దొరుకుతుంది.

కోరంగి 1978 నుంచి అభయారణ్యం. చెక్క బాట మీద నడిచి రావడానికి టికెట్ చాలు కానీ, నీరైనా బురదైనా నమూనాగా పట్టుకెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. మడ చెట్ల మధ్య తిరిగేటప్పుడు తిల్ల చెట్టు ఏదో ముందే చూపించండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, కొమ్మలు విరవకూడదు. పడవ ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాల్సిందే.

సామాను, ముందు రాత్రి పని

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్, థర్మామీటర్, నీటి ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ మీటర్, నీటి తేట కొలిచే సెక్కీ పళ్లెం, ఆక్సిజన్ పరీక్షకు వాడే బీఓడీ సీసాలు, ఆక్సిజన్ పరీక్ష రసాయనాలు, ప్లాస్టిక్ సీసాలు, ఐస్ బాక్స్, డిస్టిల్డ్ వాటర్. కాలేజీలో రిఫ్రాక్టోమీటర్ లేకపోతే ఇబ్బంది పడొద్దు. డెల్టాలో రొయ్యల చెరువులున్న ఊళ్లో ఎవరో ఒక రైతు దగ్గర అది ఉంటుంది, వాడటంలో చాలామంది లెక్చరర్ల కంటే ఆయన చెయ్యే నిలకడైనది.

పీహెచ్ మీటర్‌ను ముందు రాత్రే 7, 10 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో సరిచేసుకోండి. సముద్రపు నీరు 8కి అటూఇటూగా ఉంటుంది కాబట్టి కొలత ఆ రెండింటి మధ్య పడాలి. 4, 7తో సరిచేసి తీసుకెళ్తే మీటర్‌ను దానికి పరిచయం లేని చోట నమ్మినట్టవుతుంది. సీసాల మీద పేర్లు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఉప్పు తడికి కరిగిపోతుంది.

నమోదు కాగితంలో మొదటి గళ్లు ఇవి: తేదీ, గంట, పోటా పాటా, నీటి లోతు, ఎంత లోతు నుంచి పట్టారు, గాలి ఎటు నుంచి, నిన్నమొన్న వాన పడిందా. ఇవి నిండాకే సీసా మూత తీయాలని నియమం పెట్టండి.

నీరు పట్టడం

పడవ ఇంజను ఆపేయాలి. ప్రవాహం ఎటు నుంచి వస్తోందో చూసి ఆ వైపు, పడవ ముందు భాగం నుంచి పట్టండి. వెనక నుంచి పడితే డీజిల్ తెర సీసాలోకి వస్తుంది. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నాలుగోసారి నింపాలి. ఒక్క కోలిఫామ్ (మురుగు జాడ చెప్పే బ్యాక్టీరియా) సీసాను మాత్రం తొలవకూడదు, అది స్టెరిలైజ్ చేసి తెచ్చినది.

అడుగు నీరు తప్పనిసరి. ఉప్పు నీరు బరువు, మంచినీరు తేలిక. మొగల దగ్గర నది నీరు పాల మీద మీగడలా పైన పరుచుకుని ఉంటే, దాని కింద సముద్రం నాలుకలా లోపలికి చొచ్చుకొస్తుంది. పై నీటిలో సెలైనిటీ, అంటే వెయ్యి గ్రాముల నీటిలో ఉప్పు గ్రాములు, 4, మూడు మీటర్ల కింద 22 ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. పై నీరు మాత్రమే పట్టినవాళ్లు సగం నదినే చూసినట్టు. కావాల్సిన లోతులో మూసుకునే నిస్కిన్ సీసా ఉంటే సరే. లేకపోతే రాయి కట్టిన సీసాకు బిరడా పెట్టి, బిరడాకు వేరే తాడు కట్టి, అడుగుకు దిగాక లాగితే చాలు. సెలైనిటీకి, నైట్రేట్, సిలికేట్ లాంటి పోషకాలకు ఇది సరిపోతుంది. ఆక్సిజన్‌కు పనికిరాదు, నీరు బుడగలు కక్కుతూ లోపలికి వెళ్తుంది కాబట్టి గాలి కలిసిపోతుంది.

సెలైనిటీ

రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి గీత సున్నా మీద ఉందో లేదో చూడాలి, లేకపోతే స్క్రూ తిప్పి సరిచేయాలి. తుడిచి, నమూనా రెండు మూడు చుక్కలు వేసి, మూత వాల్చి, అర నిమిషం ఆగి వెలుతురు వైపు చూడండి. నీలం, తెలుపు కలిసే గీతే కొలత. లోపల రెండు స్కేళ్లు ఉంటాయి. ఒకటి సాపేక్ష సాంద్రత, ఇంకోటి పీపీటీ, అంటే వెయ్యి గ్రాముల నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు. మనకు కావాల్సింది రెండోది. ఎవరైనా 1.020 అని చదివితే పక్క స్కేలు చూస్తున్నారని అర్థం.

పుస్తకాల్లో సముద్రం అంటే 35 అని ఉంటుంది. దాన్ని పట్టుకుని కూర్చోకండి. బంగాళాఖాతంలోకి పెద్ద నదులు చాలా కలుస్తాయి, వానాకాలం వెళ్లాక, అక్టోబర్ నుంచి తీరం వెంట ప్రవాహం ఉత్తరాది నుంచి దక్షిణానికి తిరిగి, గంగా బ్రహ్మపుత్రల నీరు కలిసిన తక్కువ ఉప్పు నీటిని మన వైపు తెస్తుంది. అంటే ఆ రోజుల్లో బయటి సముద్రమే 35 కంటే బాగా తక్కువ ఉంటుంది. మీ సముద్రం ఎంతో ఆ రోజే మీరే కొలుచుకోవాలి. ఉప్పాడ సీసా అందుకే.

ఇక లెక్క తేలిక. ఉప్పాడలో 32 వచ్చింది, ఆనకట్ట వైపు నది నీరు సున్నా, పాయలో 12 వచ్చింది అనుకుందాం. 12ను 32తో భాగిస్తే 0.375. అంటే ఆ సీసాలో వందకు ముప్పై ఏడున్నర పాళ్లు సముద్రం, మిగతాది నది. ఈ వాటాను ప్రతి నమూనా పక్కనా రాయండి.

వేడి, పీహెచ్, మడ్డి

వేడిని నీటిలో ముంచి ఉంచగానే చదవాలి, బకెట్‌లో తెచ్చి ఎండలో పెట్టాక కాదు. పీహెచ్ కూడా అక్కడికక్కడే. మడ పాయల్లో పీహెచ్ బయటి సముద్రం కంటే తక్కువ వస్తే కంగారు పడొద్దు. రాలిన ఆకులు బురదలో కుళ్లుతుంటే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పాటు దిగేటప్పుడు ఆ బురదలోని నీరు పాయలోకి ఊరుతుంది. కుళ్లిన గుడ్డు వాసన కూడా అప్పుడే వస్తుంది.

సెక్కీ పళ్లేన్ని పడవ నీడ పడిన వైపు దించండి. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో మధ్యధరా సముద్రంలో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఇంత చవకైన పరికరం రాలేదు. పళ్లెం కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, రెండింటి సగటు రాయాలి. కూలింగ్ గ్లాసులు తీసేసి చూడాలి. పళ్లెం అడుగు తాకినా ఇంకా కనిపిస్తూ ఉంటే "అడుగు కనిపించింది" అని రాయండి, అంకె వేయకండి. ఉప్పాడలో అలలు ఒడ్డును కోస్తూ ఇసుక లేపుతుంటాయి కాబట్టి ఒడ్డున నీరు మురికిగా కనబడినా అది కాలుష్యం అనుకోకూడదు.

ఆక్సిజన్: దీనికి ఎక్కువ టైం ఇవ్వండి

మీటర్ ఉన్నా సరే, విద్యార్థులతో వింక్లర్ పద్ధతి చేయించండి. హంగరీ శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన ఈ పద్ధతితోనే నేటికీ మీటర్లను సరిచూస్తారు.

300 మి.లీ. బీఓడీ సీసా అడుగు వరకు రబ్బరు గొట్టం పెట్టి, సీసా నిండాక రెండు సీసాల నీరు పొర్లిపోయేదాకా వదలండి. గొట్టం మెల్లగా తీయాలి. లోపల ఒక్క బుడగ ఉన్నా పారబోసి మళ్లీ నింపాలి. తరవాత పిపెట్ మొన నీటిలో ముంచి 1 మి.లీ. మాంగనస్ సల్ఫేట్, 1 మి.లీ. ఆల్కలైన్ అయొడైడ్ వేయండి. బిరడా పెట్టి చాలాసార్లు తలకిందులు చేయండి. గోధుమ రంగు మడ్డి కడితే ఆక్సిజన్ ఉంది. తెల్లగా మిగిలితే దాదాపు లేనట్టే. మడ్డి సగానికి దిగాక మళ్లీ ఒకసారి కలిపి, చీకటిలో, ఐస్ బాక్స్‌లో పెట్టి ఒడ్డుకు తెచ్చుకోవచ్చు.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పని పడవలో వద్దు. ఒడ్డున, బల్ల మీద, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని మాస్టారే 1 మి.లీ. వేయాలి. మడ్డి కరిగి ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది. అందులో 201 మి.లీ. కొలిచి తీసుకుని 0.025 నార్మాలిటీ (గాఢత) సోడియం థయోసల్ఫేట్‌ను చుక్క చుక్కగా కలుపుతూ టైట్రేట్ చేయండి. లేత గడ్డి రంగుకు వచ్చాక స్టార్చ్ వేస్తే నీలం వస్తుంది, ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఖర్చయిన ప్రతి మి.లీ. లీటరుకు ఒక మి.గ్రా. ఆక్సిజన్. 5.4 మి.లీ. పడితే 5.4 మి.గ్రా. 200 బదులు 201 తీసుకోవడం ఎందుకంటే, వేసిన రెండు మి.లీ. రసాయనాలు అంతే నీటిని సీసాలోంచి నెట్టేశాయి. ఒక్కో నమూనా రెండు సీసాల్లో చేయాలి, రెండూ దగ్గరగా రాకపోతే మూడోది చేయాలి.

ఇక్కడే సెలైనిటీ మళ్లీ కావాలి. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు 7.5 మి.గ్రా.కు కాస్త ఎక్కువ ఆక్సిజన్ పట్టగలదు. అదే వేడిలో 35 పీపీటీ ఉప్పు నీరు సుమారు 6.2 మాత్రమే పడుతుంది. రెండు సీసాల్లోనూ 5 మి.గ్రా. వచ్చిందనుకోండి. ఆ నీరు పట్టగల దానితో పోలిస్తే నది నీటిలో అది 66 శాతం, సముద్రపు నీటిలో 80 శాతం. అంకె ఒకటే అయినా నది నీటిలో లోటు ఉంది, సముద్రంలో అంత లేదు. అందుకే శాతం లెక్క కూడా పక్కనే రాయించండి.

ఏ వేళ పట్టారన్నదీ ముఖ్యమే. రాత్రంతా ఏరేటర్లు తిప్పే రొయ్యల రైతుకు తెలియనిది కాదు. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది, మధ్యాహ్నం తరవాత పైకి వస్తుంది. తెల్లవారుజామున యానాంలో, మధ్యాహ్నం అఖాతంలో కొలిచి అఖాతమే ఆరోగ్యంగా ఉందంటే తప్పు.

ల్యాబ్‌కు పంపేవి

పోషకాల నమూనాలను వడగట్టి ప్లాస్టిక్ సీసాల్లో ఐస్ మీద పెట్టండి. సిలికేట్‌కు గాజు సీసా అసలు వాడకూడదు, గాజులోంచే సిలికా కరుగుతుంది. నైట్రేట్ కిట్ ఫలితం నైట్రేట్‌గా చూపిస్తోందా, అందులోని నైట్రోజన్‌గానా అన్నది పెట్టె మీద చదవండి. రెండింటి మధ్య 4.43 రెట్ల తేడా ఉంది. మంచినీటి కోసం చేసిన అమ్మోనియా కిట్లు ఉప్పు నీటిలో మడ్డి కట్టి తప్పు చూపవచ్చు, సముద్రపు నీటికి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. మామూలు సీఓడీ (నీటిలోని మలినాలను ఆక్సిజన్ అవసరంగా కొలిచే) పరీక్షనూ క్లోరైడ్ చెడగొడుతుంది కాబట్టి దాన్ని వదిలేయడం మేలు. కోలిఫామ్ సీసా ఐస్ మీద ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి.

వింక్లర్ వ్యర్థాలను పాయలో పారబోయొద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి కాలేజీ ల్యాబ్‌కు తిరిగి తీసుకెళ్లండి.

సాయంత్రం గ్రాఫ్ కాగితం మీద

అడ్డంగా సెలైనిటీ, నిలువుగా ఏదో ఒక పోషకం. నది చివర ఒక చుక్క, ఉప్పాడ చివర ఒక చుక్క పెట్టి రెండింటినీ స్కేలుతో కలపండి. నీళ్లు రెండూ కలవడం తప్ప మధ్యలో ఇంకేమీ జరగకపోతే అన్ని నమూనాలూ ఆ గీత మీదే పడాలి.

ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. నదిలో సిలికేట్ 150, సెలైనిటీ సున్నా. సముద్రంలో సిలికేట్ 10, సెలైనిటీ 32. పాయలో సెలైనిటీ 16 అంటే సగం సగం, సిలికేట్ 80 ఉండాలి. 60 వచ్చిందంటే దారిలో ఎవరో తినేశారు. సిలికాతో గుల్ల కట్టుకునే డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు జీవులే మొదటి అనుమానితులు. అదే నైట్రేట్, అమ్మోనియా గీతకు పైన పడితే మధ్యలో ఎక్కడి నుంచో వచ్చి కలుస్తోందన్నమాట. అది ఊరి మురుగు కావచ్చు, చెరువులు ఖాళీ చేసిన నీరు కావచ్చు, మడ బురదలోంచి ఊరినదీ కావచ్చు. గ్రాఫ్ అంతవరకే చెబుతుంది. చెరువు వదిలారా అని ఆ ఊరివాళ్లను మర్యాదగా అడగాలి, నిందలా అడగకూడదు. ఆ నీటి మీద బతికేవాళ్లలో వాళ్లే మొదటివాళ్లు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీరపు నీటిని ఐదు తరగతులుగా విడగొట్టింది. అభయారణ్యం లాంటి సున్నితమైన చోట్లకు వర్తించే మొదటి తరగతిలో ఆక్సిజన్ లీటరుకు 5 మి.గ్రా. లేదా 60 శాతం, ఏది ఎక్కువైతే అది ఉండాలి. స్నానాలకు పనికొచ్చే రెండో తరగతిలో 4 మి.గ్రా. లేదా 50 శాతం. రెండింటికీ పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య. మీ అంకెలు వీటితో పోల్చండి కానీ, ఒక్క రోజు ఒక్క సీసాతో కోరంగి పాయకు తీర్పు ఇవ్వకండి. మడ పాయలో తెల్లవారుజామున, పాటు చివర ఆక్సిజన్ తగ్గడం సహజంగా కూడా జరుగుతుంది.

గీతకు దూరంగా పడిన చుక్క ఉంటే మర్నాడే ఆ చోటికి వెళ్లండి. పోటు నిండినప్పుడు ఒకసారి, పాటు చివర ఒకసారి, పైనా అడుగునా పట్టండి. పాటులోనే ఎక్కువ వస్తే వచ్చేది పై నుంచి, అంటే పాయ లోపలి నుంచి. పోటులో ఎక్కువైతే అఖాతం వైపు వెతకాలి. ఇదే వరుసను ఎండాకాలం ఒకసారి, ఎర్రనీరు వచ్చాక ఒకసారి, అక్టోబర్ తరవాత ఒకసారి, అవే చోట్ల, అదే పోటు దశలో చేసి, మూడు గీతలనూ ఒకే కాగితం మీద వేర్వేరు రంగుల్లో గీయండి.